పాలస్తీనా లేని లిస్టు

ఇది మహాకావ్యం. ముందే చెబుతున్నాను, మంచినీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చోండి. ఇందులో ఒక అగ్రరాజ్యం ఉంది. ఒక యుద్ధం ఉంది. ఒక్క చెయ్యి పైకి లేచి ప్రపంచాన్నంతా కూర్చోబెట్టే ఘట్టం ఉంది. సముద్రాలు దాటి వచ్చిన నాయకుడున్నాడు.

ఇలా రెండు పేజీలు రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. అసలు సంగతి ఏమిటంటే, ఇది గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో, తిరిగీ తిరగని ఒక ఫ్యాను కింద జరిగింది. ఇందులో ఎవరైనా చేసిన పెద్ద సాహసం ఒక ఫారం నింపడం. ఆ నింపినవాణ్ణి నేనే కాబట్టి, దాన్ని కూడా కాస్త ఎక్కువ చేసి చెప్పే అవకాశం ఉంది. చూసుకుని చదవండి.

నేను రిటైరయ్యేనాటికి నా వయసు ముప్పై ఒకటి. రిటైర్మెంట్ అని నేనంటాను. కాంట్రాక్టు పొడిగించలేదని వాళ్ళంటారు. ఇప్పుడు పొదిలిలో డ్రిప్పు పైపుల కొట్టు పెట్టుకున్నాను. పైపుల కోసం వాళ్ళ నాన్నలతో వచ్చే డిగ్రీ పిల్లలు, బేరం సాగుతుండగా నా పక్కన చేరి, "అన్నా, ఆఫీసు ఉద్యోగం ఎట్టా ఉంటది?" అని అడుగుతుంటారు. నీడపట్టున ఉంటుందని చెప్పి పంపించేస్తుంటాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మా సెక్షన్లో ముగ్గురం. సూపరింటెండెంట్ మేడమ్‌ది పూజారుల కుటుంబం. ముప్పై ఏళ్ళుగా పరీక్షల పనే చేసి, రూల్సన్నీ వాళ్ళ నాన్నగారు మంత్రాలు చదివినంత ధారగా చెప్పేవారు. మధ్యలో ఎవరైనా ఆపితే మళ్ళీ మొదటి నుంచి అందుకునేవారు. కంట్రోలర్ గారు ప్రభుత్వ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరై మా దగ్గరికి వచ్చిన పెద్దాయన. సంతకం పెట్టేముందు కాగితాన్ని రెండు వైపులా చదివేవారు. వెనకవైపు ఖాళీగా ఉన్నా చదివేవారు. మూడోవాణ్ణి నేను. విద్యార్థుల వివరాలు కంప్యూటర్లో కొట్టడం నా పని. దర్శి పక్కన మిరప చేలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి, ఏసీ లేకపోయినా ఎండ లేదు కదా అని సంతోషంగా ఉండేవాణ్ణి.

మేం గాజా తమ్ముడు అని పిలుచుకునే పాలస్తీనా కుర్రాడు మా యూనివర్సిటీకి వ్యవసాయ బీఎస్సీ చదవడానికి వచ్చాడు. విదేశీ విద్యార్థులు కొద్దిమంది ఉన్నా, అక్కణ్ణుంచి వచ్చినవాడు అతనొక్కడే. మొదటి వారంలోనే, గుంటూరు కారం రుచి చూపించి ఏడిపిద్దామని హాస్టల్ కుర్రాళ్ళు మెస్సులో అతని చుట్టూ చేరారు. మిరపకాయ బజ్జీ ఇచ్చారు, తిన్నాడు. ఇంకోటి ఇచ్చారు, అదీ తిన్నాడు. చివరికి పచ్చి మిరపకాయే చేతిలో పెట్టారు. దాన్ని తొడిమ దాకా కొరికి, ఇది మా ఇంట్లో సలాడ్ అని చెప్పాడు. గాజాలో పచ్చిమిరప లేనిదే ముద్ద దిగదని మాకప్పుడు తెలిసింది. పోటీకి దిగి తనూ ఒకటి కొరికిన మనవాడికే ఎక్కిళ్ళు పట్టుకుని పెరుగు గిన్నె కావలసి వచ్చింది. ఆ రోజు మెస్సులో ఆఫీసు స్టాఫుకి పనేమిటని నన్నడక్కండి.

తెలుగు కూడా హాస్టల్లోనే నేర్చుకున్నాడు. అందుకని మర్యాద పాఠం చివర్లో వచ్చింది. ఒకరోజు కంట్రోలర్ గారి ముందుకొచ్చి, ఎంతో వినయంగా చేతులు కట్టుకుని, "ఏరా సార్, బాగున్నావా?" అన్నాడు. సార్ ఆ ప్రశ్నని కూడా రెండు వైపులా పరిశీలించి, "బాగానే ఉన్నానయ్యా" అన్నారు.

అతను ఆఖరి సంవత్సరంలో ఉండగా వాళ్ళ ఊళ్ళ మీద యుద్ధం వచ్చి పడింది. వాళ్ళమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు ఇంట్లోంచి స్కూల్లోకి, స్కూల్లోంచి డేరాలోకి మారారు. నాన్న సంగతి అతను నోటితో చెప్పలేదు. రెండు రోజుల సెలవు కావాలని చీటీ పెట్టాడు. కారణం అన్న గడిలో "నాన్న" అని రాసి ఉంది. అంతే ఉంది. కారణాలు సరిగా రాయలేదని చీటీలు వెనక్కి పంపడంలో పేరున్న మేడమ్, ఆ చీటీ మీద ఏమీ అడక్కుండా సంతకం పెట్టారు. రెండు రోజులని ఉన్నచోట పది అని దిద్దారు.

సరిగ్గా అప్పుడే మా యూనివర్సిటీ కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నది. విద్యార్థుల వివరాలన్నీ మళ్ళీ ఎక్కించాలి. అతని పేజీలో "దేశం" అన్న గడి దగ్గర లిస్టు తెరిచాను. పాకిస్తాన్ ఉంది. దాని కింద పలావ్ ఉంది. దాని కింద పనామా ఉంది. పాలస్తీనా లేదు. గడి ఖాళీగా వదిలేస్తే పేజీ సేవ్ కాదు. పేజీ సేవ్ కాకపోతే హాల్ టికెట్ రాదు. తెల్లారితే పరీక్ష. సాయంత్రం అయిదయింది, నా బస్సు అయిదుంబావుకి.

ఆఫీసుల్లో ఒక అలవాటుంది. ముందు ఏదో ఒకటి కొట్టేయ్, తర్వాత మారుద్దాం. దేశంలో సగం రికార్డులు ఈ పునాది మీదే నిలబడి ఉన్నాయని నా నమ్మకం. నేను పలావ్ మీద నొక్కాను. బాణం గుర్తు అక్కడ ఆగింది కాబట్టి నొక్కాను, అంతకుమించి ఆలోచన ఏమీ లేదు. హాల్ టికెట్ వచ్చింది. బస్సూ దొరికింది.

మర్నాడు హాల్ టికెట్ చేతికి తీసుకుని అతను చాలాసేపు చూశాడు.

"అన్నా, పలావ్ అంటే మెస్సులో ఆదివారం పెట్టేదేగా?"

"దేశం తమ్ముడూ. ఎక్కడో సముద్రంలో ఉంటుందట. సాఫ్ట్‌వేర్ అట్టా తీసుకుంది, తర్వాత మారుస్తాం."

సాఫ్ట్‌వేర్ తీసుకుంది అన్నాను. నేను కొట్టాను అనలేదు. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఈ కథలో విలన్ అదే. అతను నవ్వి పరీక్షకి వెళ్ళిపోయాడు. నేను తర్వాత మార్చలేదు. తర్వాత అనేది కేలెండర్లో ఏ రోజూ కాదు.

మేడమ్‌కీ అదే మాట చెప్పాను, ఆవిడ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశారు. హైదరాబాద్ నుంచి ఒకతను ఓపిగ్గా చెప్పాడు. "మేడం, ఆ లిస్టు ఐక్యరాజ్యసమితి మెంబర్లది. అక్కడ్నుంచే దిగుతది. మేం చేత్తో కలిపినా అప్‌డేట్‌ల ఎగిరిపోతది. వాళ్ళకి మెంబర్‌షిప్ రానీయండి, మన దగ్గర ఆటోమేటిగ్గా వస్తది."

అలా గుంటూరు దగ్గర ఒక పరీక్షల విభాగం భద్రతామండలి సమావేశాల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. అంతకుముందు మేం ఎదురుచూసిన పెద్ద సంస్థ క్యాంటీను.

ఆ చలికాలంలో ఒక తీర్మానం వచ్చింది. కాల్పులు ఆపండి అని. మండలిలో పదిహేను దేశాలు. భోజనాల వేళ నా ఫోన్లో వీడియో పెట్టుకుని ముగ్గురం చూశాం. సరే అన్నవాళ్ళు చేతులెత్తమంటే పదమూడు చేతులు లేచాయి. ఒకరు ఎటూ చెప్పలేదు. వద్దన్నవాళ్ళు ఎత్తమంటే ఒక్క చెయ్యి లేచింది, అమెరికాది.

"పాసయింది" అన్నారు మేడమ్, పెరుగన్నం కలుపుతూ.

"లేదండి. పోయింది."

"పదమూడు వచ్చాక పోవడమేంటయ్యా? మన దగ్గర ముప్పై అయిదొస్తే పాసు."

అయిదు దేశాలకి ఆ వీలుందని, వాటిలో ఏ ఒక్కటి కాదన్నా మిగతా అందరూ సరే అన్నా లెక్కలోకి రాదని, పాలస్తీనా విషయంలో ఆ వీలుని అమెరికా మళ్ళీ మళ్ళీ వాడుతూనే ఉందని కంట్రోలర్ గారు వివరించారు. మేడమ్ కలిపిన ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నారు.

"ఆ చెయ్యెత్తినాయనకి ఇంటికెళ్ళాక అన్నం సహిస్తుందంటారా?"

"ఆయనేం చేస్తారండీ, పైనుంచి చెప్పింది చేస్తారు. ఉద్యోగం" అన్నారు సార్.

ఉద్యోగం అన్న మాట దగ్గర నేను వీడియో ఆపేశాను. ఉద్యోగంలో నేనెత్తిన చెయ్యి కూడా ఒకటుంది కదా.

ఆ మధ్యాహ్నం గాజా తమ్ముడు కాలేజీ మిరప చేలో ఉన్నాడు. మండలిలో ఏదైనా తీర్మానం పోయినప్పుడల్లా అక్కడికే వెళ్ళేవాడు. కూలీలతో పాటు వరసలో కూర్చుని కాయలు కోసేవాడు. ఒకావిడ, "ఏం అబ్బాయా, ఇయ్యాల కూడా క్లాసులు లేవా?" అని అడిగితే, "ఉన్నాయి పిన్నీ, కానీ అక్కడ కోసేదేం లేదు" అన్నాడట. అతన్ని ఓదారుద్దామని వెళ్ళినవాణ్ణి నేనూ ఒక వరస పట్టుకున్నాను. అరగంటకే నడుం పట్టేసి, చివరికి అతనే నన్ను ఓదార్చి చెట్టు నీడకి పంపించాడు.

వేసవిలో అసలు ఓటు వచ్చింది. పాలస్తీనాకి సమితిలో పూర్తి సభ్యత్వం ఇవ్వాలా వద్దా అని. అది జరిగేసరికి మన దగ్గర తెల్లవారుజాము, మర్నాటి పేపరుని నేను ఆఫీసుకొచ్చేసరికి మేడమ్ అప్పటికే చదివేసి ఉన్నారు. పన్నెండు మంది సరే అన్నారు. ఇద్దరు ఎటూ చెప్పలేదు. ఒక్క చెయ్యి వద్దంది. మళ్ళీ అదే చెయ్యి.

"లిస్టులోకి రాదా ఇక?" అన్నారు మేడమ్.

"రాదండి."

ఆవిడ పేపరు మడిచి బల్ల కింద పెట్టి, మార్కుల మెమోల కట్ట ముందుకు లాక్కున్నారు. ఎక్కడో పెద్ద మేజాబల్ల దగ్గర లేచిన చెయ్యి వచ్చి నా కంప్యూటర్లో ఒక గడిని మూసేసింది. డేరాలో ఉన్న వాళ్ళమ్మకి అది ఏమేం మూసేసిందో నాకు తెలియదు. నాకు తెలిసింది ఆ గడి వరకే. అది కూడా తాళం వేసింది వాళ్ళు, గొళ్ళెం పెట్టింది నేను.

కొన్నాళ్ళకి సమితిలోని దేశాలన్నీ కూర్చున్నచోట ఆ మండలి మళ్ళీ ఆలోచించాలని ఓటేశారు. నూట నలభైకి పైగా దేశాలు పాలస్తీనా వైపు నిలబడ్డాయి, మన దేశం సహా. వ్యతిరేకించినవి తొమ్మిది. ఆ తొమ్మిదింటి పేర్లు చదువుతుంటే ఒక దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. పలావ్. పాలస్తీనా వద్దన్న దేశానికే నేను పాలస్తీనా కుర్రాణ్ణి పౌరుణ్ణి చేశాను. ప్రపంచంలో ఇంకే దౌత్యవేత్తకీ సాధ్యంకాని పని, నెలకి పద్దెనిమిది వేల జీతం మీద.

అంతలో అతని డిగ్రీ అయిపోయింది. మలేషియాలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. నెలాఖరులోగా ఒరిజినల్ సర్టిఫికెట్ మీద ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర వేయించి పంపాలి. ఇక్కడ చదువు అయిపోయింది కాబట్టి వీసా గడువూ దగ్గరపడింది. ఆ సీటు పోతే అతనికి వెళ్ళడానికి చోటు లేదు. ఇంటికి దారి మూసి ఉంది. దారి తెరిచినా ఇల్లు లేదు. సర్టిఫికెట్ నమూనా కాగితం ప్రింటు తీశాం. పేరు సరిగ్గా ఉంది. మార్కులు బాగున్నాయి. దేశం: పలావ్. పాస్‌పోర్టు మీద పాలస్తీనా, సర్టిఫికెట్ మీద పలావ్ ఉంటే ఢిల్లీలో ముద్ర పడదు.

మేడమ్ ఫైలు పట్టుకుని కంట్రోలర్ గారి గదిలోకి వెళ్ళారు. వెనక నేను, నా వెనక అతను.

"మన దేశం ఎప్పుడో గుర్తించింది సార్. మనవాళ్ళిచ్చిన వీసా మీద కూడా పాలస్తీనా అనే ఉంది" అన్నారు మేడమ్.

"నిజమేనమ్మా. నాకు మాత్రం ఇష్టమా? కానీ లిస్టులో లేని దేశాన్ని నేను రాస్తే అది పాలసీ అవుద్ది. పాలసీ అంటే కమిటీ. కమిటీలో ఏడుగురు. ఆరుగురు సరే అని ఒకాయన కాదంటే?" సార్ పెన్నుకి మూత పెట్టేశారు. ఆ మాట ఎక్కడో విన్నట్టు ఆయనకే అనిపించి ఉండాలి. "పైగా కమిటీ కూర్చునేది వచ్చే నెల."

"వచ్చే నెలకి సీటుండదు సార్" అన్నాడు గాజా తమ్ముడు.

సార్ చాలా ఆలోచించి, తనకి తెలిసిన అతి దయగల ఉపాయం చెప్పారు. ఇంటిపేరు తేడా వస్తే చేస్తాం కదా, అట్టాగే నోటరీ అఫిడవిట్ చేయించుకురమ్మన్నారు. ఆ రెండు పేర్లూ ఒక్కటే అని.

మీరు నమ్మరు గానీ మేమిద్దరం నిజంగానే కోర్టు దగ్గరికి వెళ్ళాం. చెట్టుకింద టైపు మిషను పెట్టుకున్నాయన ముఖంలో ఏ ఆశ్చర్యమూ లేదు. "పలావ్, పాలస్తీనా ఒక్కటేనని, అంతేగా? రెండు ఫోటోలు, ఆధార్ జిరాక్సు" అన్నాడు. ఆధార్ లేదంటే పాస్‌పోర్టు చాలన్నాడు. అయిదు నిమిషాల్లో రెండు దేశాలని కలిపి టైపు కొట్టి, "ఇక్కడ సంతకం బాబూ" అని కాగితం ముందుకు తోశాడు. మీ కళ్ళముందు రెండు దేశాలు విలీనమవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు.

తమ్ముడు పెన్ను పట్టుకున్నాడు. పెట్టలేదు.

"పెట్టు తమ్ముడూ, పేరుకే గదా. నీకు పని అవుద్ది."

"వాళ్ళు లేదన్నారు అన్నా, సరే. వాళ్ళ నోరు, వాళ్ళ ఇష్టం" అన్నాడు. "నా చేత్తో నేనెట్టా లేదంటాను?"

 నేను ఏదో ఒక జోకు వెయ్యాలి. అలాంటి చోట్ల నేను చేసే పని అదే. జోకుకి బదులు టైపు డబ్బులు తీసి ఇచ్చాను. సంతకం లేని కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇద్దరం బస్సెక్కాం.  తప్పుడు కాగితం మీద సంతకం చెయ్యనని సీటు వదులుకోవడానికి సిద్ధపడ్డ మనిషి పక్కన, తప్పుడు గడి నింపి ఏడు నెలలు సాఫ్ట్‌వేర్ మీద నెట్టిన మనిషి కూర్చుంటే ఆ సీటు ఎంత ఇరుకుగా ఉంటుందో చెప్పలేను.

ఆఫీసుకొచ్చి నేరుగా మేడమ్ ముందు నిలబడ్డాను.

"మేడమ్, ఆ పలావ్ సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు. నేనే కొట్టాను. బస్సుకి టైమవుతుందని."

ఆవిడ కళ్ళజోడు తీశారు. ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నాను. మా నాన్నకి ఎలా చెప్పాలో కూడా ఆలోచించేశాను.

"ఓరి దరిద్రుడా! ఈ ముక్క అప్పుడే చెప్పి ఉంటే ఎప్పుడో అయిపోయేది గదరా!"

"ఏంటండీ?"

"సాఫ్ట్‌వేర్ తీసుకోకపోతే అది పాలసీ. గుమాస్తా తప్పు కొడితే అది గుమాస్తా తప్పు. దానికి కమిటీ ఎందుకు? తప్పు చేసినవాడు సంజాయిషీ రాస్తే, సార్ సంతకం పెడితే, పాస్‌పోర్టు చూసి చేత్తో టైపు కొడతారు. లిస్టు జోలికే పోనక్కర్లేదు." బీరువాలోంచి ఒక పసుపు ఫారం తీసి నా చేతిలో పెట్టారు. "రాయి. నీ తప్పు నువ్వే రాయి. అక్షరాలు కుదురుగా రాయి."

రాశాను. అజాగ్రత్త వల్ల తప్పు దేశం నమోదు చేశానని, విద్యార్థి దేశం పాలస్తీనా అని, ఇందుకు పూర్తి బాధ్యత నాదని. కంట్రోలర్ గారు ఫారాన్ని ముందువైపు చదివారు. వెనకవైపు చదివారు. "విద్యార్థి దేశం పాలస్తీనా" అన్న లైను దగ్గర వేలు పెట్టి ఇంకోసారి చదివారు.

"ఇది పాలసీ కాదు కదా?" అన్నారు.

"నా అజాగ్రత్త సార్" అన్నాను.

"అయితే నీకు మెమో ఇవ్వాలయ్యా."

"ఇవ్వండి సార్."

ఆయన ముఖంలో అంత తేలికపడ్డ సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఒకే పెన్నుతో అక్కడ సంతకం పెట్టి, నాకు మెమో రాశారు. ఒక దేశం గుర్తింపు, ఒక గుమాస్తా మందలింపు, రెండూ ఒకే నిమిషంలో అయిపోయాయి. ఆ మెమో తర్వాత కాంట్రాక్టు ఫైల్లో నా ముందు నడిచి వెళ్ళింది, అది వేరే సంగతి. నాకు దాని మీద కోపం లేదు. నా ఉద్యోగంలో నేను పూర్తి నిజం రాసిన కాగితం అదొక్కటే.

గొప్పలు పోవద్దు. మండలిలో ఆ చెయ్యి తర్వాత కూడా లేచింది. డేరా డేరాగానే ఉంది. మేం మార్చింది ఒక కాగితం మీద ఒక మాట. సర్టిఫికెట్ ప్రింటయి వచ్చాక గాజా తమ్ముడు ఆ మాట మీద వేలు పెట్టి ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపాడు. చేరినట్టు రెండు టిక్కులు నాలుగు రోజులకి పడ్డాయి.  అయిదోరోజు పొద్దున అతనే వచ్చి ఫోను మేడమ్ ముందు పెట్టాడు. వాళ్ళమ్మ ఏదో పంపింది, అరబ్బీలో.

"ఏమంటున్నారయ్యా అమ్మ?"

"తిన్నావా అని అడుగుతోంది మేడమ్."

"మరి సర్టిఫికెట్ గురించి?"

"దాని గురించేం లేదు. తిన్నావా, అంతే."

మేడమ్ తల తిప్పుకుని, ఫ్యాను గాలికి ఎగరని కాగితాల మీద కూడా బరువులు పెట్టడం మొదలుపెట్టారు.

నేను ఉండబట్టలేక ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకుని, గుంటూరు అరండల్‌పేటలో ఉన్నవాటిలో మందమైన కవరు వేయించి, నాలుగు అంచులూ నొక్కించి, జీవితాంతం చెక్కు చెదరకుండా ఉంటుందని గర్వంగా తెచ్చి ఇచ్చాను. దాంతో అతను ఢిల్లీ వెళ్ళాడు. వాళ్ళు పేరు చూశారు, దేశం చూశారు, అన్నీ సరిపోయాయన్నారు, కాగితం వెనక్కిచ్చేశారు. మళ్ళీ ఒరిజినల్ ప్రింటు తీసి పంపడానికి మూడు పనిదినాలు పట్టింది. గడువుకి ఒకరోజు ముందు అతని చేతికందింది, ముద్ర పడింది, సీటు నిలిచింది.

సర్టిఫికెట్లకి లామినేషన్ చేయించకండి. ప్లాస్టిక్ మీద ముద్ర అంటదు.